గీత బయటి బాస్కెట్

ఒక జట్టును ఓడించాలంటే అవతలివైపు అయిదుగురు చెమటోడ్చాలి. మా జట్టును నేనొక్కదాన్నే ఓడించాను. అదీ మా బెంచీ పక్కనే నిలబడి, మా కాలేజీ ట్రాక్‌సూట్ వేసుకుని, మా పిల్లలకు అసిస్టెంట్ కోచ్ అనే హోదాలో. ఎలా అని అడక్కండి. మీరు అడక్కపోయినా నేను చెబుతాను. నలుగురికి చెప్పుకుంటే సిగ్గు తగ్గుతుందంటారు. నలభై మందికి చెప్పాను, ఇంకా తగ్గలేదు. మీ దగ్గరేమైనా తగ్గుతుందేమో చూద్దాం.

నెల్లూరులో నేను చదువుకున్న కాలేజీలోనే నాకు ఆ ఉద్యోగం వచ్చింది. చదివే రోజుల్లో అక్కడ బాస్కెట్‌బాల్ ఆడేదాన్ని. తర్వాత వ్యాయామ విద్య కోర్సు కూడా పూర్తిచేసి, ముత్తుకూరులో మా ఇంట్లో అమ్మ చేత తిట్లు తింటూ కూర్చున్నాను. ఒకరోజు మా పాత కోచ్ రాజేశ్వరి మేడమ్ ఫోన్ చేశారు.

"గ్రేసూ, నా మోకాళ్లు అయిపోయినాయి. పిల్లలతో పరిగెత్తేదానికి ఒక మనిషి కావాల. ఎవర్నో తెచ్చుకునేకంటే మన పాత ప్లేయరైతే పిల్లలకు అక్క మాదిరి ఉంటాదని ప్రిన్సిపాల్‌తో చెప్పినా. వస్తావా?"

"ఇప్పుడే బస్సెక్కుతా మేడమ్!"

"ఆగు. ఒక్క మాట విను. నువ్విప్పుడు ప్లేయర్ కాదు. కోర్టు గీత బయటే నిలబడాల."

"అట్నే మేడమ్."

అట్నే అన్నాను గానీ, పాత ప్లేయర్‌ని గీత బయట నిలబెట్టడమంటే పిల్లిని చేపల బుట్ట పక్కన కాపలా పెట్టడమే. కోర్టులో పట్టిన బుద్ధి బెంచీ ఎక్కినా పోదు. పైగా నాకొక పాత గాయం ఉంది. నేను చదివిన చివరి ఏడాది, కాలేజీల పోటీ ఫైనల్ మ్యాచ్ ఆఖరి నిమిషంలో రింగు కింద ఒంటరిగా నిలబడి, రెండు చేతులూ ఎత్తి, బంతి నాకివ్వమని మా నెల్లూరు యాసలో "ఇటియ్ మే!" అని గొంతు చిరిగేలా అరిచాను. ఎవరూ ఇవ్వలేదు. ఓడిపోయాం. ఆ బంతి నాకిచ్చి ఉంటే ఏమయ్యేదో అన్నం తినేటప్పుడు, బట్టలుతికేటప్పుడు, ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం చేసేటప్పుడు కూడా ఆలోచించేదాన్ని.

ఇక ఉద్యోగంలో చేరాక చూస్తే జట్టులో ఉన్నది తొమ్మిది మంది. అయిదుగురూ అయిదుగురూ ఆడాలంటే ఒకరు తక్కువ. దేవుడు నాకోసమే ఆ ఖాళీ ఉంచాడనుకున్నాను. రోజూ సాయంత్రం నేనూ దిగేదాన్ని. దిగి, పరిగెత్తి, "ఇటియ్ మే!" అని అరిచి, బంతి తీసుకుని, రింగులో వేసి, ఎంత గొప్పదాన్నో చూశారా అన్నట్టు చుట్టూ చూసేదాన్ని. నా అంత వయసు లేని పిల్లల మీద, నా అంత ఎత్తు లేని పిల్లల మీద. తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ తొమ్మిది మందిలో కావేరి ఒకతి. వాళ్లది విడవలూరు దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఊరు. వాళ్ల నాయన చేపల వేటకెళ్తాడు. బంతిని కోర్టంతా నడిపించేది కావేరే. దానికి అది డిగ్రీ చివరి ఏడాది. మొదటి ఏడాది నుంచీ ఒకటే కోరిక, యూనివర్సిటీ జట్టులో ఆడాలని. దానికి మిగిలింది ఆ ఒక్క ఏడాదే. సెలెక్టర్లు మా ఫైనల్ చూడటానికి వస్తారని మేడమ్ చెప్పిన రోజు ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు.

ఒకసారి ప్రాక్టీసు మధ్యలో ఆగి అడిగింది కూడా.

"గ్రేసక్కా, మేం ఇరుక్కున్న ప్రతిసారీ బాల్ నీకే ఇస్తా ఉంటే, మ్యాచ్‌లో ఎవరికియ్యాల?"

"అప్పటికి అదే తెలుస్తాదిలే. ముందు ఇటియ్ మే!"

చూశారా, ఆ పిల్ల నా మొహం మీదే జాతకం చెప్పింది. నేను వింటేనా.

ఫైనల్ రోజు వచ్చింది. ఎదురుగా పక్క ఊరు బుచ్చి నుంచి వచ్చిన జట్టు. ధాన్యం బస్తాలు దొర్లించినట్టు అవలీలగా మా పిల్లల్ని పక్కకు నెట్టేసే పొడగరులు. కావేరి నాయన ఆ రోజు వేట మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గ్యాలరీలో కూర్చున్నాడు. ఈ ఆట చూడటం ఆయనకు అదే మొదటిసారి. నేనేమో అదృష్టం కలిసొస్తుందని ట్రాక్‌సూట్ లోపల నా పాత ఏడో నంబరు జెర్సీ తొడుక్కున్నాను. అమ్మ పొద్దున్నే మోకాళ్లూని "ప్రభువా, నా బిడ్డ చేతిలో బాలు గురి తప్పకుండా చూడు" అని ప్రార్థన చేసింది. నా పని బెంచీ మీద కూర్చోవడమని ఆమెకు తెలియదు. చెప్పడానికి నాకు నామోషీ వేసింది.

ఆఖరి నిమిషం. మేం ఒక్క పాయింటు వెనక ఉన్నాం. బంతి కావేరి చేతిలో ఉంది. సరిగ్గా మా బెంచీ ముందర ఇద్దరు పొడగరులు దాన్ని గీతకు అదిమేశారు. అవతల రింగు కింద సల్మా అనే పిల్ల ఒంటరిగా, రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉంది. అచ్చం ఒకప్పటి నాలాగే.

మేడమ్ మోకాళ్ల సంగతి మరిచి లేచారు. "సల్మా! సల్మా ఖాళీ!"

కావేరి తలెత్తింది. సల్మా వైపు చూస్తోంది. అప్పుడు ఎక్కడినుంచో ఒక గొంతు, "ఇటియ్ మే!" అని హాలు అదిరేలా అరిచింది.

ఎవరిదా గొంతు అని మీరు కొత్తగా అడగక్కర్లేదు.

కావేరి ఇచ్చేసింది. ఇవ్వక ఏం చేస్తుంది పాపం, అన్ని సాయంత్రాలూ నేను నేర్పింది అదొక్కటేగా! అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే మా కావేరి ఫైనల్ మ్యాచ్ తీసుకొచ్చి చేతిలో పెట్టింది. ఛాతీ ఎత్తున, చక్కగా వచ్చిన పాస్. పోనీ పట్టుకున్నదాన్ని అక్కడైనా ఆగానా? గీత దాటి ఒక అడుగు లోపలికి వేసి, ఎగిరి, బంతి విసిరాను.

పడింది. రింగుకు ఎక్కడా తగలకుండా వల మధ్యలోంచి జారింది. నా జీవితంలో అంత అందమైన బాస్కెట్ వేయలేదు. ఆ సంబరంలో ట్రాక్‌సూట్ జిప్పు కిందికి లాగి, ఏడో నంబరు గ్యాలరీకి చూపిస్తూ గుండ్రంగా తిరిగాను.

హాలు మొత్తం మీద ఒక్కరే లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. కావేరి నాయన.

అప్పుడు మోగింది విజిల్. రెఫరీ నా దగ్గరికొచ్చి, పిచ్చివాళ్లతో మాట్లాడేటంత నెమ్మదిగా అడిగాడు. "ఎవరమ్మా నువ్వు?"

"అసిస్టెంట్ కోచ్‌ని సార్."

"మరి లోపలేం చేస్తా ఉండావు?"

"బాల్ వచ్చింది సార్."

"వస్తే?"

నా బాస్కెట్ లెక్కలోకి రాలేదు. నా నిర్వాకానికి అవతలి జట్టుకు ఒక ఫ్రీ త్రో ఇచ్చారు, అది పడింది. బంతి కూడా వాళ్లకే ఇచ్చారు. ఒక పాయింటుతో వెనకున్న మేం రెండు పాయింట్లతో ఓడాం. మేడమ్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "జిప్పేసుకో" అన్నారు, అంతే.

కావేరి కోర్టు మీదే కూలబడి తన చేతుల వంక చూసుకుంటోంది. పక్కన కూర్చుని, "ఎందుకిచ్చినావే నాకు?" అన్నాను. చూడండి నా తెలివి, అప్పుడు కూడా తప్పు దాని మీదకే నెట్టబోయాను.

"నువ్వడిగినావు గదక్కా," అంది. కోపంగా కాదు, మామూలుగా. "ఇంకెవరడిగినా ఇచ్చుండను."

ఆ మాట విన్నాక భూమిలోకి పోదామనుకున్నాను. కింద సిమెంటు.

సెలెక్టరు దగ్గరికి పరిగెత్తాను. "సార్, ఆ పిల్ల తప్పేం లేదు, అంతా నాదే సార్!"

"నీదేనని చూస్తానే ఉండాం గదమ్మా. షాట్ బాగుంది. కానీ నీకు వయసు దాటిపోయింది."

"నా గురించి కాదు సార్, కావేరి..."

"ఆఖరి నిమిషంలో బెంచీకి పాస్ ఇచ్చే పిల్లను నేను తీసుకుంటే రేపు నన్నడగతారమ్మా."

తీసుకోలేదు. దాని చివరి అవకాశం నా నోట్లోంచి వచ్చిన ఒక్క కేకతో పోయింది. ఇక్కడ మాత్రం నవ్వించడానికి నాకేమీ దొరకడం లేదు.

బయట గేటు దగ్గర కావేరి నాయన ఎదురొచ్చాడు. "ఏం తల్లీ, చివర్లో ఏసింది బ్రమ్మాండంగా పడిందే, మరెట్టా ఓడిపోయినారు? ఎవురేసినారది? మా ఊళ్లో చెప్పుకోవాల."

"నేనే," అన్నాను.

"సెబాష్! బాగా ఏసినావు తల్లీ!" అని నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. ఆ దీవెన ఇప్పటికీ నెత్తి మీద చురుక్కుమంటూ ఉంటుంది.

ఏడాది తిరిగింది. జట్టు పెద్దదయింది, ఇంకో అసిస్టెంట్ కావాలన్నారు. నేను మేడమ్ ముందు నిలబడి "కావేరిని తీసుకుందాం" అన్నాను.

"మళ్లీ పాత ప్లేయరా?" మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒకర్ని తెచ్చుకున్నందుకే నా పరువు పోయింది."

"ఆమె నా మాదిరి కాదు మేడమ్. నెమ్మదస్తురాలు."

కావేరి వచ్చింది. ఒకే ఒక్క షరతు పెట్టింది. "మ్యాచ్ జరిగినంతసేపూ గ్రేసక్క రెండు చేతుల్లో రెండు నీళ్ల క్యాన్లు ఉండాల. నిండువి." సరేనన్నాను. కాదనడానికి మొహం ఉండాలిగా.

మొదటి మ్యాచ్. ఆఖరి నిమిషం. మా పిల్ల ఒకతి బంతితో సరిగ్గా బెంచీ ముందర ఇరుక్కుంది. నా చేతుల్లో క్యాన్లు. నోరు గట్టిగా మూసుకున్నాను. మనిషి మారగలదని నన్ను చూసి నాకే ముచ్చటేసింది. అంతలో నా పక్కనుంచి హాలు అదిరిపోయే కేక.

"ఇటియ్ మే!"

చూస్తే మా నెమ్మదస్తురాలు రెండు చేతులూ ఎత్తి, ఒక కాలు గీత మీద పెట్టి ఉంది. క్యాన్లు రెండూ కింద పడేసి, దాని ట్రాక్‌సూట్ పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఇద్దరం వెళ్లి మేడమ్ మోకాళ్ల మీద పడ్డాం. బంతి మాత్రం వెళ్లాల్సిన పిల్లకే వెళ్లింది. గెలిచాం.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో గీత బయట నిలబడి బంతి అడగను. క్యాన్లు చేతిలోంచి దించను. దించాల్సి వస్తే, అది కావేరిని వెనక్కి లాగడానికే.