మూడో పిలుపు దాకా

మా మేడ మీద అద్దెకుండే హేమసుందర్ దయ్యాల ఆటలు ఆడేవాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, పాడుబడ్డ ఇళ్ళలో దీపం పట్టుకు తిరిగే ఆ వీడియో గేములు ఆడుతుంటే, ఎక్కడెక్కడి జనమో తమ ఫోన్లలో అతని ఆటనూ, భయంతో బిగుసుకుపోయే అతని మొహాన్నీ చూస్తుండేవారు. వారమంతా ఇదే గవర్నర్‌పేటలో ఒక షాపులో కంప్యూటర్లు బాగుచేసే మనిషి, సెలవు రోజున హాయిగా పడుకోక ఇదేం పనయ్యా అని మొదట్లో అడిగాను.

"భయపడితే బాగుంటుంది బాబాయ్ గారూ" అన్నాడు.

కింద నాది ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు. కరెంటు తీగ చేతిలో ఉన్నప్పుడు తప్ప మనిషికి భయంతో పనిలేదని నమ్మేవాణ్ణి. పామర్రు దగ్గర పొలాల మధ్య పెరిగాను. రాత్రిపూట పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళే మా నాన్న దయ్యమన్న మాట వింటే కసిరేవాడు. ఆ కసురు నాకూ వచ్చింది. అందరూ కృష్ణారావు గారు మంచివాడే గాని నోరు మంచిది కాదంటారు. నిజమే.

హేమసుందర్‌తో వాళ్ళ మామ్మ పెద్దింట్లమ్మ ఉండేది. కొల్లేట్లో చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. తల్లీ తండ్రీ లేని పిల్లవాణ్ణి ఆవిడే పెంచింది. అతనికి ఇక్కడ ఉద్యోగం రాగానే మామ్మనీ తెచ్చుకున్నాడు. ఆవిడ ఊరికే కూర్చునే రకం కాదు. డాబా మీద చేపలు ఎండబెట్టేది. వీధంతా వాసనని నేను గొడవకి వెళ్ళేవాణ్ణి. సాయంత్రానికి గిన్నెలో పులుసు పంపేది. తిని నోరు మూసుకునేవాణ్ణి.

వాళ్ళింట్లో ఒక వింత పద్ధతి ఉండేది. పైన నీళ్ళ మోటారు కట్టేయమని నేను మెట్ల దగ్గర నిలబడి పిలిస్తే ఎవరూ పలికేవారు కాదు. మళ్ళీ పిలిచినా అంతే. విసుగెత్తి మూడోసారి అరిస్తే, అప్పుడు ఇద్దరూ ఒకేసారి తలలు బయట పెట్టేవారు. మామ్మకీ మనవడికీ చెవుడనే చాలా రోజులు అనుకున్నాను. ఒకనాడు ఆవిడనే నిలదీశాను.

"ఒకసారి పిలిత్తే పలక్కూడదు బాబూ. రెండుసార్లు పిలిచినా పలక్కూడదు. మడిసైతే మూడోసారి పిలుత్తాడు. అదైతే మూడోసారి పిలవలేదు" అంది.

ఆవిడ భర్త కాశీరావు ఒక మంచు పొద్దున కొల్లేట్లో వల తీస్తుంటే, మనిషెత్తు పెరిగిన కిక్కిస గడ్డి వెనక నుంచి ఎవరో పేరుపెట్టి పిలిచారట. ఆయన ఒక్క పిలుపుకే ఓయ్ అని దోనె అటు తిప్పాడట. దోనె దొరికింది. ఆయన దొరకలేదు. పక్క దోనెలో వాళ్ళు ఆ పిలుపూ, ఆయన పలకడమూ రెండూ విన్నారని ఆవిడ చెప్పింది. మంచులో దారి తప్పి మునిగిపోయి ఉంటాడమ్మా అన్నాను. ఆవిడ నాకేసి జాలిగా చూసి చేపలు తిరగేసుకుంది.

హేమసుందర్‌కి పేరొచ్చింది ఈ పద్ధతి వల్లే. ఆ ఆటల్లో తలుపుల వెనక నుంచి, బావుల్లోంచి ఏవో గొంతులు పిలుస్తుంటాయి. మిగతావాళ్ళు భయపడి పరిగెత్తుతారు, లేదంటే చూడటానికి వెళతారు. ఇతను మీటల మీద నుంచి చేతులు తీసేసి ఒక వేలు ఎత్తి చూపించేవాడు. మళ్ళీ పిలిస్తే రెండో వేలు. మూడో పిలుపు వచ్చేదాకా కదిలేవాడు కాదు. ఆ నిశ్శబ్దంలో చూసేవాళ్ళకి ప్రాణాలు పోయేవి. దాన్ని చూడటానికే జనం వచ్చేవారు.

గన్నవరం దారిలో పెద్ద జబ్బులకు వైద్యం చేయించుకునే పిల్లలు తల్లులతో ఉండే వసతి గృహం ఒకటుంది. జోయెల్ గారని ఒకాయన నడుపుతాడు. అక్కడ కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్ళిన హేమసుందర్‌ని అక్షయ అనే పిల్ల పట్టుకుంది. సూది పొడిపించుకోవడానికి వెళ్ళబోతూ, "అంకుల్, మీకూ భయమేస్తుందా?" అని అడిగిందట. ఫోన్‌లో తన మొహం చూపించాడు, దయ్యం మీదకి వచ్చినప్పటిది. ఆ పిల్ల పకపకా నవ్వి సూదికి వెళ్ళింది. అప్పటినుంచి తన భయపు మొహాలన్నీ ఆ పిల్లలకి పంపేవాడు. తర్వాత ఏడాదికోసారి ఒక పొద్దు మొదలుకుని మర్నాటి పొద్దు దాకా లేవకుండా ఆడి, చూసినవాళ్ళిచ్చే చందాలు ఆ ఇంటికి పంపడం మొదలుపెట్టాడు. ఆ మాట విన్నాక మాత్రం నేను నా నోరు అదుపులో పెట్టుకున్నాను. ఆ రోజుకి కరెంటు పోకుండా మా షాపు ఇన్వర్టర్ పైకి పంపేవాణ్ణి కూడా.

పోయినేడు రోహిణీ కార్తెలో పెట్టుకున్నాడు ఆ ఆట. పిల్లలకు సెలవులు, చూసేవాళ్ళు ఎక్కువ ఉంటారని. ఎండకి వీధిలో తారు మెత్తబడిపోయింది. గదిలో చీకటి కావాలని కిటికీకి నల్లగుడ్డ మేకులు కొట్టి బిగించాడు. నేను ఇన్వర్టర్ వైర్లు కలుపుతుంటే మామ్మ గుమ్మంలో నిలబడి ఆ గుడ్డకేసే చూస్తోంది.

"పట్టపగలు చీకటి చేసుకోకూడదురా అయ్యా" అంది.

"పిల్లల కోసం మామ్మా. ఒక్క రోజు" అన్నాడు.

ఆవిడ ఎడమ చేత్తో కుడి చెయ్యి పిసుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళింది. చెయ్యి తిమ్మిరెక్కుతోందని పొద్దుటినుంచీ అంటోందట. హేమసుందర్ మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళతానన్నాడు. నేనూ విన్నాను. ఎండ దెబ్బేమో, మజ్జిగ తాగమ్మా అని చెప్పి కిందికి దిగాను.

తర్వాత జరిగింది నేను కొంత కళ్ళతో చూశాను, కొంత ఆ రోజు వీడియోలో చూశాను. ఒక్కసారే చూశాను. మళ్ళీ చూడలేను.

చందా ఇచ్చినవాళ్ళు తమ గొంతు రికార్డు చేసి పంపితే అది ఆట మధ్యలో వినిపించే ఏర్పాటు ఉంది. ఇంకేం, పొద్దుటినుంచీ జనం ఇతన్ని ఏడిపించడానికి అదే పని. ఒకడు మొగ గొంతుతో "హేమా" అంటాడు, ఒకమ్మాయి ఏడుపు గొంతుతో అంటుంది, ఒకడు ముసలమ్మలా వణుకుతూ అంటాడు. హేమసుందర్ నవ్వుతూ వేళ్ళెత్తుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఆటలో నీళ్ళు నిండిన ఒక ఇంట్లోకి దిగాడు. మోకాలి లోతు నల్లటి నీళ్ళు, మూసిన తలుపులు. సరిగ్గా అప్పుడు వెనక ఎక్కడి నుంచో సన్నగా "హేమా" అని వినిపించింది. అతను చేతులు తీసేసి ఒక వేలు ఎత్తాడు. కాసేపటికి మళ్ళీ "హే...మా" అని. ఈసారి మాట సగంలో ముద్దగా జారింది. రెండో వేలు ఎత్తాడు. ఎవరిదో గాని గొంతు అదిరింది, నిజం దయ్యమే అని చూసేవాళ్ళు రాస్తున్నారు. అతను రెండు వేళ్ళూ అలాగే గాల్లో పెట్టుకుని మూడో పిలుపు కోసం చూస్తున్నాడు. అది రాలేదు. చాలాసేపు చూసి, "పిలవలేదంటే మనిషి కాదండోయ్" అని నవ్వి ఆటలో పడ్డాడు.

నేను పైకి వెళ్ళింది మా మెట్ల మీద నీళ్ళు కారి అట్టపెట్టెలు తడిసిపోయాయని తిట్టడానికి. వెనక వరండాలో పంపు ధారగా పోతోంది. పంపు పక్కన మామ్మ పడి ఉంది. మూతి ఒక పక్కకి జారిపోయింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు గది తలుపు మీదే ఉన్నాయి.

"హేమసుందర్!" అని అరిచాను. పలకలేదు. మళ్ళీ అరిచాను. తలుపు అవతల అతను రెండో వేలు ఎత్తాడని నాకు అప్పుడు తెలియదు. మూడోసారి పిలిచే ఓపిక లేక తలుపు తోసుకుని వెళ్ళి హెడ్‌ఫోన్ లాగిపారేశాను. "మీ మామ్మ పోతోందిరా!" అన్నాను. అతనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ మొహంలో కనిపించిన భయం, పిల్లలకి పంపే మొహాల్లో ఏనాడూ లేనిది.

ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పక్షవాతం అన్నారు. ఇంకాస్త ముందు తెస్తే బాగుండేదని డాక్టర్ అన్నాడు. ప్రాణం దక్కింది. కుడి వైపు పడిపోయింది. మాట పోయింది, ఇక రాదన్నారు.

మేం హడావిడిలో కంప్యూటర్ కట్టేయలేదు. ఖాళీ కుర్చీ, నీళ్ళు నిండిన ఆ ఇల్లు, రాత్రి దాకా జనం చూస్తూనే ఉన్నారట. ఇదంతా ఆటలో భాగమనుకున్నారు. చందాలు ఏ ఏడూ రానన్ని వచ్చాయి. గదిలో మైకు పట్టుకున్న మామ్మ రెండు పిలుపుల ముక్క ఎవరో కోసి వదిలితే ఊళ్ళకి ఊళ్ళు చూశాయి. జోయెల్ గారు సంతోషంగా ఫోన్ చేసి, సంగతి తెలిసి ఏడ్చాడు. ఆ వీడియో తీసేయమంటే తీయించేద్దామన్నాడు. హేమసుందర్ వద్దన్నాడు.

"మామ్మ గొంతు ఇంకెక్కడా లేదండీ, బాబాయ్ గారూ" అన్నాడు నాతో.



అతను ఆటలు మానేశాడు. షాపు పని కూడా ఇంటికే తెచ్చుకున్నాడు. పైన వేడని పొద్దున్నే మామ్మని ఎత్తుకుని దించి, నా షాపులో ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి పైకి వెళ్ళేవాడు. ఆవిడకి మాట లేకపోయినా అన్నీ తెలుసు. సరుకు దింపేవాళ్ళు ట్యూబ్‌లైట్లు విరగ్గొడితే నాకంటే ముందు ఆవిడ కళ్ళెర్రజేసేది. కానీ మనవడు దగ్గరకొస్తే తల తిప్పుకునేది. కోపమని అతను అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అన్నం తినిపిస్తున్నంతసేపూ ఆవిడ చూపు అతని భుజం మీదుగా వెనక ఎక్కడో ఉండేది. అతను రోజురోజుకీ చిక్కిపోయాడు.

మొన్న బాబీ అనే ఎలక్ట్రీషియన్ వైర్లు కొనడానికి వచ్చాడు. నేను చుట్ట కొలుస్తుంటే ఫోన్ తీసి, "కృష్ణారావు గారూ, ఇది మీ బిల్డింగేనంట కదండీ?" అంటూ ఆ వీడియో నొక్కాడు. కుర్చీలో ఉన్నది ఎవరో అతనికి తెలియదు. నేను వద్దనేలోపే షాపంతా వినిపించేలా వచ్చింది ఆ గొంతు.

"హేమా."

పైనుంచి వెంటనే, "ఆఁ మామ్మా! వత్తన్నా!" అన్న కేక. మెట్ల మీద పరుగు. ఫోన్‌లో రెండో పిలుపు ఇంకా రానేలేదు. అతను చెప్పులు కూడా లేకుండా వచ్చి ఆవిడ ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. "వచ్చాను మామ్మా, పిలిచావా? వచ్చాను, ఒక్క పిలుపుకే వచ్చాను" అంటున్నాడు.

అప్పుడు ఫోన్‌లోంచి రెండోది వచ్చింది.

ఆవిడ మొహం చూశాను. అది కోపం కాదు, భయం. ఆ గొంతు తనది, తను మాత్రం పెదవి కదపకుండా ఇక్కడ కూర్చుని ఉంది. ఎవరూ లేని చోటు నుంచి వచ్చిన ఆ పిలుపుకి తన మనవడు పలికేశాడు. ఆవిడ ఫోన్‌ కేసి చూసింది, వీధి కేసి చూసింది, పని చేసే ఎడమ చెయ్యి ఎత్తి అతని నోరు గట్టిగా మూసేసింది.

ఫోన్ కట్టేయమని బాబీ మీద అరిచాను. కట్టేశాడు. హేమసుందర్ కళ్ళనీళ్ళతో ఊపిరాడక తల ఊపుతున్నా ఆవిడ ఆ చెయ్యి తియ్యలేదు.