పీలిక కట్టని మూట

ఆ రోజు మూటకు పీలిక కట్టలేదు. అంతవరకైతే అజాగ్రత్త అనుకోవచ్చు. మూట ఏదని డ్రైవరు అడిగినప్పుడు, నా చేతికి ఎవరూ ఇవ్వనే లేదన్నాను. అది అజాగ్రత్త కాదు.

బెంగళూరు విమానాశ్రయం నుంచి హిందూపురం, పెనుకొండ మీదుగా ధర్మవరం వచ్చే వ్యానులో సామాన్లు ఎక్కించి దించడం నా పని. మొదటి రెండు చోట్లా రిసార్టు అతిథులు దిగుతారు. మిగిలిన సీట్లలో ధర్మవరం వాళ్ళు కూర్చుంటారు. అందరి సామానూ వెనకాల ఒకే చోట పడుతుంది కాబట్టి ప్రతి పెట్టెకూ గుడ్డ పీలిక కడతాను: హిందూపురానికి ఎరుపు, పెనుకొండకు పసుపు, ధర్మవరానికి ఆకుపచ్చ.

ఆ మూట ధర్మవరంలో మగ్గం నేసే ఒకామెది. ఢిల్లీలో చీరల ప్రదర్శనకు వెళ్ళి ఒంటరిగా తిరిగి వస్తోంది. తెల్ల గుడ్డలో కట్టిన మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు టీకి పోయాడు.

"మూట ఇట్లియ్యమ్మా, వెనకాల ఏస్తా."

"ఒళ్ళోనే పెట్టుకుంటాలేప్పా. చీరలుండాయి. మా వీధిలో ఆరిళ్ళోళ్ళవి, నన్ను నమ్మి ఇచ్చినారు."

"ఇది రిసార్టు బండి. సంతకు పోయే ఆటో అనుకుంటివా?"

అతిథులు నవ్వారు. ఆమె మూట ఇచ్చేసింది. పెట్టెలన్నిటికీ పీలికలు కట్టాను. ఈ మూటనెవరు ఎత్తుకుపోతారులే అని దాన్ని ఊరికే లోపలికి తోశాను. పక్కనే పెనుకొండ రిసార్టుకు చేర్చాల్సిన ఉతికిన దుప్పట్ల మూటలు నాలుగు ఉన్నాయి. అవీ తెల్లవే. పెనుకొండలో అతిథులు తొందరపెడుతుంటే తెల్లవన్నీ దించేశాను.

ధర్మవరంలో వెనక తలుపు తీయగానే జరిగింది అర్థమైంది. డ్రైవరు దిగి వచ్చాడు.

"ఏమబ్బా, ఆయమ్మ మూట యాడ?"

పని పోతుందని భయం వేసింది. "నాకియ్యలేదు. ఎయిర్‌పోర్టులోనే యాడనో పెట్టి మర్సినట్టుండాది."

ఆమె తిట్టలేదు. "నీ చేతికే ఇస్తి కదప్పా. నలుగురిలో నన్ను అంటివి గూడా."

చూసిన అతిథులు ఎప్పుడో దిగిపోయారు; ఆ రోజు ధర్మవరం దాకా వచ్చింది ఆమె ఒక్కతే. "ఇమానం ఎక్కిన మత్తు అక్కకు ఇంగా దిగలే" అని డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వాను.

"ఆరిళ్ళకీ ఏమని చెప్పల్ల? అమ్ముకోని తినిందంటారు" అంటూ ఆమె వట్టి చేతులతో వీధిలోకి నడిచింది.

హోటల్లో అన్నం ముందు కూర్చున్నాను. పళ్ళెం పక్కకు తోశాను. డ్రైవరుకు నిజం చెప్పాను. అతను చేయి కడుక్కోవడానికి లేచి, "నన్ను గూడా ఆయమ్మను జూసి నవ్వేటట్టు చేస్తివి కదబ్బా. పో, ముందు మూట తేపో" అన్నాడు.

బస్సెక్కి పెనుకొండ వెళ్ళాను. రిసార్టులో దుప్పట్లు మడతపెట్టే ఆమె మూట విప్పి చూస్తోంది. "మా దుప్పట్లకు జరీ అంచు ఎప్పుడు పెట్టినారబ్బా అని సూస్తాండా" అంది. ఒక్క చీర కూడా పోలేదు.

సాయంత్రం ధర్మవరం తిరిగొచ్చి, ఢిల్లీకి చీరలు తీసుకెళ్ళినామె ఇల్లు ఎక్కడని అడుక్కుంటూ వెళ్ళాను. నాలుగిళ్ళ వాళ్ళు మగ్గం చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మూట కింద పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆమె నా చేతికే ఇచ్చిందనీ, నేనే అబద్ధమాడాననీ అందరూ వినేలా చెప్పాను.

ఒక అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "మూట తెచ్చిస్తే అయిపాయనా? మద్యాన్నం నుంచి ఈ బిడ్డను మేము అనరాని మాటలంటిమి. అవి యా బండ్లో ఏసుకోని పోతావు?"

ఆమె నా వైపు చూడకుండా చీరలు ఒక్కొక్కటీ తీసి ఎవరివి వాళ్ళకు ఇస్తోంది. మిగిలిన రెండిళ్ళు ఎక్కడని అడిగాను. అవ్వ చేయి చాపి చూపించింది. ఆ రెండు గడపల దగ్గరా నిలబడి అదే మాట మళ్ళీ చెప్పాను. తర్వాత వీధి చివర నుంచి వ్యాను ఓనరుకు ఫోన్ చేసి, ఆయనకూ అదే చెప్పాను.