నా పేజీ లేని నోట్‌బుక్

పండూ!

ఇలా నలుగురిలో పిలిస్తే, "అమ్మా, ప్లీజ్, నాకు ముప్పై నాలుగేళ్లు" అని కసురుకునేది నా కూతురు. ఇప్పుడు ఎంత గట్టిగా పిలిచినా కసిరేవాళ్లు లేరు. రెండు నెలల కిందట, ఒక మంగళవారం పొద్దున, ఆసుపత్రిలో నా చేతిలో చెయ్యి పెట్టి వెళ్లిపోయింది.

మన పత్రికవాళ్లు ఫోన్ చేసి, "మీ అమ్మాయి చేసిన సేవ గురించి నాలుగు ముక్కలు రాయండి ఆంటీ" అన్నారు. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. తప్పులుంటే దిద్దుకోండి. కానీ ఆ సేవ అన్న మాట మాత్రం నాకు మింగుడుపడటం లేదు. ఆ సేవే నా పిల్లని నాకు లేకుండా చేసిందని నా కడుపుమంట.

అసలు మొదలుపెట్టింది నేనే. ఈ దేశం వచ్చాక, ఐసెలిన్ ఊళ్లో నేను పనిచేసే మన తెలుగు హోటల్ వంటింట్లో, నా పక్కన ఉల్లిపాయలు తరిగే ఆవిడ పేరు మార్తా. గ్వాటెమాలా నుంచి వచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు. నా నోట పొద్దస్తమానం వినీ వినీ "తొందర తొందర" అనడం మాత్రం నేర్చుకుంది. "పిన్నిగారూ, మార్తాకి మీ పోలికలే వచ్చేశాయి" అని మా వంట మాస్టరు ఏడిపించేవాడు. ఆవిడ ఇంగ్లీషు మాట్లాడేది గానీ అన్నీ అతుకులే. పిల్లాడి స్కూలు నుంచి ఉత్తరం వస్తే జవాబు రాయలేక ఒకరోజు బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చింది. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన నా కూతురితో, "పాపం, దీనికి కాస్త ఇంగ్లీషు సరిచెయ్యవే, నీకు స్పానిష్ వచ్చు కదా" అన్నాను.

ఆ మాట అన్న నోరు నాదే.

ఒక్క మార్తా నలుగురయింది. నలుగురు ఇరవై ఇద్దరయ్యారు. లైబ్రరీ కింది గదిలో ప్రతి బుధవారం సాయంత్రం, శనివారం పొద్దున క్లాసు. నా కూతురు ఆఫీసు నుంచి ఏమీ తినకుండా నేరుగా అటే వెళ్లేది. "ఏబీసీడీలు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారమ్మా. సగం వచ్చి మధ్యలో ఆగిపోయినవాళ్లనే ఎవరూ పట్టించుకోరు" అనేది. నా డ్యూటీ అయ్యాక నేనూ వెళ్లి వెనక కూర్చునేదాన్ని, తన కారులోనే ఇంటికి పోవాలి కనక.

ఒకసారి ఇళ్ల కప్పులు వేసే పెద్దాయన లేచి, "ఈజ్ వెరీ హాట్ ఆన్ ద రూఫ్" అన్నాడు. నా కూతురు నవ్వలేదు. ఖాళీ కుర్చీ ఒకటి లాక్కొచ్చి అందరి ముందూ వేసింది. ఇంగ్లీషువాళ్లు వాక్యంలో మొదటి కుర్చీ ఖాళీగా ఉండనివ్వరు, కూర్చోవడానికి మనిషి లేకపోతే 'ఇట్'ని కూర్చోబెట్టండి అంది. మీ భాషలో క్రియ తోకని బట్టే ఎవరో తెలిసిపోతుంది, అందుకే మీకు కుర్చీ అక్కర్లేదు, మా అమ్మ భాషలోనూ అంతే అని నన్ను చూపించింది. "వచ్చాను" అని నాచేత అనిపించి, వచ్చింది నేనేనని వాళ్లకి వివరించింది. ఇరవై ఇద్దరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. పెద్దాయన "ఐ డోంట్ హావ్ నథింగ్" అన్నా అంతే. "మీ భాషలో రెండుసార్లు లేదంటేనే గట్టిగా లేదని. ఇంగ్లీషులో ఒక్క 'లేదు' చాలు. ఇది మీ తప్పు కాదు, మీ అలవాటు" అనేది. ఎవరి తప్పునీ తప్పనేది కాదు.

ఇంటికొచ్చే దారిలో నేను అడిగాను, "నాకూ నేర్పవే."

"నీకెందుకమ్మా ఇంగ్లీషు, నేనున్నాగా!"

నిరుడు చలికాలంలో కడుపునొప్పి అంది. గ్యాస్ అనుకున్నాం. వాము నీళ్లు కాచి ఇచ్చాను. నెల తిరిగినా తగ్గలేదు. క్లాసులో బల్ల అంచు పట్టుకుని నిలబడటం వెనక నుంచి నేను చూశాను. డాక్టరు దగ్గరికి పద అంటే, "వీళ్ల టెస్ట్ అయిపోనీ అమ్మా, ప్రామిస్" అంది. కాలేజీలో చేరాలంటే రాయాల్సిన టెస్ట్. పదకొండుమంది రాస్తే తొమ్మిదిమంది నెగ్గారు. ఆ వారమే డాక్టరు, లోపలంతా పాకిపోయింది అన్నాడు. ఆయన ఇంగ్లీషులో అన్నాడు. నా కూతురే నాకు తెలుగులో చెప్పింది, మెల్లగా, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి.

జబ్బు సంగతి క్లాసువాళ్లకి చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. వాళ్లకేం తెలుసు పాపం, అని మీరంటారు. తెలుసు నాకు. అయినా మంట ఆరదు.

తను పోయిన పదకొండో రోజు మార్తా, పెద్దాయన ఇంటికొచ్చారు. మిగిలినవాళ్లకి మళ్లీ టెస్ట్ ఉందట. క్లాసు తామే నడుపుకుంటారట, నా కూతురి నోట్‌బుక్ కావాలట. "నా పిల్ల ప్రాణం చాల్లేదా మీకు? పొండి!" అని అరిచాను. తెలుగులోనే అరిచాను, కానీ అర్థమైంది. మార్తా గుమ్మం దగ్గర ఆగి, "తొందర నో, సెన్యోరా" అని, వాళ్ల భాషలో అమ్మగారని పిలిచి వెళ్లిపోయింది.

ఆ వారం నోట్‌బుక్ తెరిచాను. పాఠం ఇంగ్లీషులో ఉంది, పక్కన తనకోసం తెలుగులో రాసుకుంది; ఆ తెలుగు కూడబలుక్కుని చదివాను. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేరు, చేసే పని, ఎక్కడ తడబడతారు, స్పానిష్‌లో ఏ అలవాటు వల్ల తడబడతారు. అడుగున, ఈసారి ఏం చెప్పాలో. ఆఖరి పేజీల్లో అక్షరాలు వణికాయి, అయినా రాసింది. ఇరవై రెండు పేజీలు. నాది ఉందేమోనని మూడుసార్లు వెతికాను. లేదు.

ఇరవై ఇద్దరికి దారి చూపించి, కన్నతల్లిని నోరు లేనిదాన్ని చేసి వెళ్లిపోయావా పండూ? ఆసుపత్రి నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. నా చెల్లెలు వాళ్లాయన పోయినప్పుడు నాకు ఫోన్ చేసి ఏడ్చేది. నేనూ ఫోన్ చేసి ఏడవొచ్చు గానీ, ఎవరికి చేసినా ఈ ఉత్తరాలు చదివి పెట్టేవాళ్లు లేరు.

చివరికి మార్తాకే చూపించాను. ఆవిడ డిక్షనరీ పెట్టుకుని, చేతులు తిప్పి, బొమ్మలు గీసి అర్థమయ్యేలా చెప్పింది. నోట్‌బుక్ మాట ఎత్తలేదు. నేనే అన్నాను: పుస్తకం నా చేయి దాటదు, బుధవారం నేనే తెస్తాను, నేనే తీసుకెళతాను. ఇక నుంచి వెనక కూర్చోను.

క్షమించానని కాదు. వాళ్ల ముఖాలు చూస్తే ఇప్పటికీ లోపల రగులుతుంది. నాకూ నేర్చుకోక తప్పదు, అంతే.

మొన్న బుధవారం మార్తా బోర్డు మీద రాస్తోంది. పెద్దాయన పని నుంచి నేరుగా వచ్చాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, ఒక చెయ్యి పొట్ట మీదే ఉంది. ఏమైందని మార్తా అడిగితే, "ఈజ్ నథింగ్. ఆఫ్టర్ క్లాస్" అన్నాడు.

నేను లేచి నోట్‌బుక్ మూసేశాను. నాకు వచ్చిన ఇంగ్లీషులోనే అన్నాను: "నో ఆఫ్టర్. ఫస్ట్ ఈట్. టుమారో డాక్టర్." ఎవరూ నవ్వలేదు. ఎవరి సంచిలోంచో రొట్టె వచ్చింది, ఇంకెవరో అరటిపండు ఇచ్చారు. ఆయన తినేదాకా క్లాసు మొత్తం పెన్నులు కింద పెట్టి కూర్చుంది. రేపు ఆసుపత్రికి తనే తీసుకెళతానని మార్తా ఆయనతో రెండు భాషల్లోనూ చెప్పింది.

ఇది చదివే మీకు నేను చెప్పేది వేరే ఏమీ లేదు. ఎంత పని ఉన్నా, ఎవరు ఎదురుచూస్తున్నా, వేళకి కడుపునిండా తినండి.