పిస్తోలు పట్టిన అమ్మవారు

జడ్చర్లలో ఫొటోలకు ఫ్రేములు కట్టే తాజుద్దీన్ ముప్పై ఏళ్లుగా అందరి దేవుళ్లకూ అద్దాలు బిగించాడు. సొంతానికి మాత్రం దాచుకున్నవి ముసుగు దొంగలూ, అస్థిపంజరాలూ, జలాంతర్గాములూ! ఆయన చిన్నప్పుడు ‘సాహసభేరి’ అని ఓ మాసపత్రిక వచ్చేది. పన్నెండు సంచికలు వచ్చి మూతబడింది. వాటి ముఖచిత్రాల కోసం ఆర్టిస్టు అట్టమీద రంగులతో వేసిన అసలు బొమ్మల్ని పాత ప్రెస్సుల్లో, చిత్తు కాగితాల కొట్లలో వెతికి వెతికి పదకొండు పోగేశాడు. పన్నెండోది దొరకలేదు. వరసగా పెట్టి చూసుకుంటే ఆ చివరి ఖాళీ ఆయనకు పన్ను ఊడిన నోరులా కనిపించేది.

ఇంట్లో ఉన్న ఒక్క మంచం మీదా ఆ బొమ్మలే పడుకునేవి. భార్య లాడ్లీ బేగం చాప మీద పడుకునేది.

“ఏంజీ, గా అస్థిపంజరానికి పరుపు, నాకు చాపనా?”

“నేలమీద పెడితే చెమ్మ తగుల్తది బేగం,” అనేవాడు. ఆ మాటకు ఎంత ఓపికున్న ఇల్లాలికైనా ఒళ్లు మండదా చెప్పండి!

ఒకరోజు మందుల కంపెనీలో పనిచేసే నాగేందర్ షాపుకొచ్చి ఫోను చూపించాడు. “మా ఇంట్ల అమ్మవారు సాబ్. గీ సైజుకు ఫ్రేము కావాలె.”

ఫొటోలో పులి మీద కూర్చున్న ఆడమనిషి. కళ్లకు నల్ల ముసుగు, నుదుట రూపాయంత బొట్టు, మెడలో బంతిపూల దండ, చేతిలో పిస్తోలు. తాజుద్దీన్ సుత్తి జారి కాలిమీద పడింది. పడిన సంగతే ఆయనకు తెలియలేదు. పన్నెండో బొమ్మ!

మర్నాడే నాగేందర్ సొంతూరు అమ్రాబాద్‌కు బస్సెక్కాడు. నాగేందర్ తల్లి గుర్వమ్మ గొర్రెల దొడ్డి పక్కన చిన్న గదిలో ఆ బొమ్మకు పూజ చేస్తోంది. ఎప్పుడో అడవిలో పులిని చూడాలని వచ్చిన ఆర్టిస్టు ఆమె మామగారింట్లో నెల్లాళ్లు తిని, పోతూ పోతూ ఇచ్చిపోయాడట.

“అక్కా, గామె అమ్మవారు కాదు. పత్రికల బొమ్మ.”

“గట్లనా? మరి ఆమె వచ్చినంక పులి మా మందల ఒక్క గొర్రెను ముట్టలే.”

“నీకు అసలైన పటం తెస్త. త్రిశూలంతోని. లైట్లు గూడ ఎలుగుతయి.”

“త్రిశూలమైతే దగ్గరికి పోయి పొడువాలె సాయబూ. పిస్తోలైతే దూరంకెల్లే పనైతది.”

తాజుద్దీన్‌కు ఏడుపొక్కటే తక్కువ. “ముప్పై ఏండ్లసంది దేవులాడుతున్నక్కా. పన్నెండూ ఒక్కజాగల చూడకుంటే నా పానం ఊకోదు.”

గుర్వమ్మ మనసు కరిగింది. కానీ తీర్పు తనది కాదంది. పొట్టేలు వీపున పసుపునీళ్లు పోసి అమ్మను అడగాలి. అది ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. “ఏం చెప్తే గదే ఖాయం. మల్ల మాట తప్పద్దు.”

“ఖాయం,” అన్నాడు తాజుద్దీన్.

“అమ్మా, ఈయనెంట జడ్చర్ల పోతవా?” అని గుర్వమ్మ నీళ్లు పోసింది. పొట్టేలు కదల్లేదు. ఇంకో చెంబు పోసింది. ఉహూఁ! తాజుద్దీన్ దాని ముందు గొంతుక్కూర్చుని, “జర కదులు నాయినా,” అని బతిమాలాడు. దవడ నిమిరాడు. తనే ఒళ్లంతా దులిపి ఎలాగో చూపించాడు. చుట్టూ చేరినవాళ్లు పడీపడీ నవ్వారు. పొట్టేలు ఆయన రుమాలు నమిలేసింది.

ఆశ చచ్చి లేవబోతుంటే గుర్వమ్మ మూడో చెంబు ఎత్తింది. “పోనీ, ఈయన పదకొండు బొమ్మలు నీ దగ్గరికే రావాలెనా తల్లీ?”

నీళ్లు ఇంకా పూర్తిగా పడనేలేదు, పొట్టేలు కొమ్ముల నుంచి తోకదాకా దులిపిందండీ! తాజుద్దీన్ గడ్డం పచ్చబడిపోయింది.

మాటిచ్చాక చేసేదేముంది? లాడ్లీ బేగం అట్టలన్నీ తనే మోసి ట్రాలీ ఆటోలో సర్దింది. అస్థిపంజరాన్నైతే అందరికంటే ముందు ఎక్కించింది.

గుర్వమ్మ గదిలో పన్నెండూ వరసగా నిలబడ్డాయి. తాజుద్దీన్ చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఒకటి నుంచి పన్నెండు దాకా వేలుపెట్టి లెక్కపెట్టి మురిసిపోయాడు. వాటిని వదిలి పోవాలంటే దుఃఖమూ వచ్చింది. గుర్వమ్మ కుంకుమ భరిణెతో వచ్చి మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోయింది. అందులో ఓ టోపీవాడి కాలు మొసలి నోట్లో ఉంది.

“సాయబూ, గీయన ఎవలు? నవ్వుకుంట మొసలి నోట్ల కాలెందుకు పెట్టిండు?”

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. బయట జడ్చర్ల బస్సు హారన్ కొడుతూనే ఉంది. తాజుద్దీన్ చెప్పులు విడిచి, గోడకు జారగిలబడి బాసింపట్టు వేసుకున్నాడు.

“కూసో అక్కా,” అన్నాడు. “పన్నెండు కథలున్నయి. పొద్దుగూకినా ఒడువయి.”