అత్తకు అందని వాసన

మా అత్త ఉల్లిగడ్డల కుప్పను ముక్కుతో చూసేది. పంట తీసి, ఆరబెట్టి, రేకుల కొట్టంలో వెదురు తడకల మీద పోశాక రోజూ పొద్దున గుమ్మం దగ్గర కాసేపు నిలబడేది. ఒక్కోసారి నేరుగా ఏదో ఒక మూలకు నడిచి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, కుళ్లిన గడ్డను బయటికి లాగేది. ఒక్కటి మురిగితే చుట్టూ ఉన్న పదింటినీ మురగబెడుతుంది. మానవపాడు దగ్గరి ఆ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో, పక్కన నిలబడి నేనెంత పీల్చినా ఉల్లి ఘాటు తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

"నీకింక ముక్కు మొలవలే" అనేది నవ్వుతూ.

కరోనా రోజుల్లో ఒక ఏడు ఇంట్లో అందరికీ జ్వరాలొచ్చాయి. అత్తకు వారంలో తగ్గింది. అదే సమయంలో కల్లంలో ఉన్న ఉల్లి వానకు తడిసింది. రెండు రోజులు ఎండబెట్టి కొట్టంలో పోశాం. అత్త ఎప్పటిలాగే రోజూ వెళ్లి చూసొచ్చి, "మంచిగనే ఉన్నయ్" అనేది.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమెకు చాయ్ తీసుకుని కొట్టంలోకి వెళ్లాను. గుమ్మంలోనే కుళ్లు వాసన గుప్పుమంది. అత్త కుప్ప పక్కనే పీట వేసుకుని పల్లికాయలు ఒలుస్తోంది. ఆమె కాళ్ల దగ్గరే, తడక కింది నుంచి గోధుమరంగు నీళ్లు కారుతున్నాయి. సన్న ఈగలు ముసురుతున్నాయి.

"అత్తా, నీకు వాసన వస్తలేదా?" అని అడిగాను.

ఆమె ఒలుస్తున్న పల్లికాయను పక్కన పెట్టింది.

"జ్వరమొచ్చి పోయినకాడి నుంచి ఏ వాసనా తెలుస్తలేదు బిడ్డా. కూర మాడినా తెల్వదు. ఇయ్యాల కాకుంటె రేపు వస్తదిలే అనుకున్న."

"మరి చెప్పలేదేంది?"

"ఏమని చెప్పాలె? కుప్ప చూడమని ఊరంత నన్నే పిలుస్తరు. ముక్కు పోయిందని చెప్పుకోవాల్నా?"

చెబుతూ చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు కోపం రాలేదు. ఇన్ని రోజులు ఆమె రుచి తెలియకుండానే అన్నం తిన్నదని అప్పుడు తట్టింది. చాయ్ ఆమె చేతికిచ్చి, కొంగు నడుముకు దోపి, కుప్ప ముందు కూర్చున్నాను.

రెండు రోజులు ఇద్దరమే ఏరాం. పైపొర నిగనిగలాడుతున్న గడ్డ కూడా లోపల మెత్తబడి ఉండేది. అత్త నా బొటనవేలు పట్టుకుని గడ్డ మెడ మీద నొక్కించింది. "గిట్ల ఒత్తు. గట్టిగుంటె ఉంచు. లోపలికి పోతె అవతలెయ్యి." నేను వాసన చూసి చెప్పేదాన్ని, ఆమె వేలితో తేల్చేది. ఒక గడ్డను ఆమె ఉంచమంది, నేను వద్దన్నాను. రెండుగా కోసి చూశాం. నడిమి పొర ఒక్కటే కుళ్లింది.

"ఆఁ, నీకు ముక్కు మొలిచింది" అంది అత్త.

దాదాపు పావు వంతు పోయింది. పెంటకుప్ప మీద వేస్తే ఆ రోగం ఎరువుతో పాటు మళ్లీ చేనికే వస్తుందని ఆమె వెయ్యనివ్వలేదు. దూరంగా గుంత తీసి పూడ్చాం. మొలకలొచ్చిన గడ్డలను వంటకు ఉంచుకున్నాం. వారమంతా పూటపూటకూ ఉల్లికారమే. మా ఆయన కంచం చూసి "మళ్ల గిదేనా?" అన్నాడు.

"రుచి తెలిసినోనివి, నువ్వన్న తిను" అంది అత్త. ఆయన రెండోసారి కూడా అదే వడ్డించుకున్నాడు.

తర్వాత ఆమెకు కొన్ని వాసనలు తిరిగొచ్చాయి. ముందు సబ్బు, ఆ తర్వాత పోపు. కుళ్లు వాసన మాత్రం ఇప్పటికీ సరిగా అందదు. ఇప్పుడు ఆ సంగతి ఎవరి దగ్గరా దాచదు. ఊళ్లో ఎవరైనా కుప్ప చూడమని పిలవడానికొస్తే, "నా ఒక్కదానితోని కాదు, మా కోడలు గూడ వస్తది. ఇద్దరికి చాయ్ పెట్టుండ్రి" అంటుంది.