హనుమన్న చెవిమంత్రం

గండికోట చూడవచ్చినవాళ్లను గుర్రమెక్కించి తిప్పే హనుమన్నకు గుర్రాల మంత్రం వచ్చునని మా ఊళ్లో చెప్పుకుంటారు. చెవిలో ఆయన ఏదో ఊదగానే కొత్త గుర్రాన్ని పాతవి చెల్లెలిలా కలుపుకున్నాయట. ఈ మాట పుట్టించిందీ ఆయనే, సోడా బండి దగ్గర రోజూ పెంచేదీ ఆయనే.

మీసానికి పెట్టే నూనె డెక్కలకు పెట్టి ఉంటే ఆయన గుర్రాలకు పగుళ్లుండేవి కావు. దొడ్లోకి వచ్చేది ఫొటోలకే. పేడ ఎత్తేది, మేత వేసేది భార్య శివలీల. మాది పక్కిల్లు. గోడ మీంచి అన్నీ కనిపిస్తాయి.

పోయిన చలికాలం నీలికళ్ల తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చాడు.

"ముందు వేరేగా కట్టేయల్ల. పాతవాటికి దీని వాసన తెలియల్ల," అంది శివలీల.

"ఇదేమన్నా కొత్త కోడలా, గుమ్మం కాడ నిలబెట్టేదానికి? పక్కకు పోవే."

జనం ఫోన్లెత్తి చూస్తుంటే దాన్ని నేరుగా పాత గుర్రాలు మూడింటి మధ్యకు తోలాడు. వాటిలో పెద్దదైన ఆడగుర్రం చెవులు వెనక్కి వంచి కీచుమంది. తెల్లది తిరిగి చూడలేదు, తప్పుకోలేదు. తన్ను దాని తొడ మీద పడి కాలు కుంటింది. గోడ మూలకు చిక్కినదాన్ని శివలీల పార అడ్డం పెట్టి బయటికి లాగింది. మంత్రగాడు అప్పటికే సోడా బండి వెనక ఉన్నాడు.

"శనిది. ఇంకోతూరి తన్నిచ్చుకుంటే అమ్మేస్తా," అని అక్కణ్నుంచే అరిచాడు.

కుంటిదాన్ని కొనేవాళ్లు సవారీకి కొనరని శివలీలకు తెలుసు. వాసాలతో దడి కట్టి రెండు వైపులా గడ్డి వేసింది. దడి సందుల్లో ముక్కులు కలిశాక, మెతకదైన మగగుర్రాన్ని ఒక్కదాన్నే తెల్లదానితో వదిలింది.

ఒకనాడు నా చేతిలో ఇత్తడి చెంబు జారి బండ మీద పడింది. పాత గుర్రాలు మూడూ ఉలిక్కిపడ్డాయి. తెల్లది గడ్డి నములుతూనే ఉంది. శివలీల నా వైపు చూసింది. ఆయనకు మేమిద్దరం ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత పెద్దదాన్ని ఇరుకు దొడ్లో కాక వెనక బయలులో కలిపింది. పెద్దది చెవులు వంచడం తెల్లదానికి దూరం నుంచే కనబడింది. పక్కకు జరిగింది. తన్నులాట అంతటితో సరి.

ఆదివారం హనుమన్న తలపాగా చుట్టుకుని వచ్చాడు. కలిసి మేస్తున్న తెల్లదాన్ని ఇవతలికి లాగి, జనం ముందు దాని చెవిలో మూతి పెట్టి చాలాసేపు గొణిగి వదిలాడు. అది వెళ్లి పెద్దదాని పక్కన నిలబడింది.

"చూసినారా అప్పా! నా మాట ఇనకుండా యాడికి పోతాది?"

చప్పట్లు కొట్టారు.

"ఏం చెప్పినావయ్యా దానికి?" అంది శివలీల.

"నీకు చెప్తే మంత్రం పారదు లేవే."

ఆమె నవ్వాపుకుని పేడగంప ఎత్తుకుంది.

ఆ గుర్రానికి రెండు చెవులూ వినపడవు.