ఓవర్సీరు గారికి నేను చేసిన సాయం

‘కొంప ముంచాడు’ అని ఎవరినైనా ఊరికే అనేస్తుంటారు. నేను నిజంగానే మా కొంప ముంచాను. అదీ ఒక్క పూటలో, ఎవరూ అడక్కుండా, చొక్కా చేతులు పైకి మడిచి మరీ ముంచాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా అమ్మ మాత్రం ఆ సంగతికి చివరిదాకా నవ్వలేదు.

యుద్ధం జరుగుతున్న రోజులు. గురజాల దగ్గర మా ఊరి మీదుగా పోయే రోడ్డును వెడల్పు చేయాలని సర్కారు తలపెట్టింది. రోడ్డు వార ఇళ్లకు విలువ కట్టి, పరిహారం ఇచ్చి, పడగొడతారు. అందులో మాది ఒకటి. నాపరాళ్లు పేర్చి మట్టితో కట్టిన మూడు గదుల ఇల్లు. గోడలకేం విలువ, మా పల్నాడులో రాయికి కరువా! ఆ ఇంటి విలువంతా తలుపుల్లోనే ఉంది. రాతి పని చేసే మా నాన్న, వినుకొండలో ఎవరిదో పాత లోగిలి పడగొడుతున్నారని తెలిసి, టేకు ద్వారబంధాలూ తలుపులూ కిటికీలూ కొని, మూడు రోజులు బండి తోలుకుంటూ తెచ్చాడు. వాటిని బిగించిన ఏడాదికే పోయాడు. పరిహారం చేతికొస్తే, ఊరి చివర మాకున్న జాగాలో వానలకు ముందే మళ్లీ ఒక ఇల్లు లేపాలని మా అమ్మ ఆశ. ఆమెకు అంతకుమించి ఏ కోరికా లేదు.

నేనప్పుడు ఇరవై రెండేళ్లవాణ్ణి. ట్రైనింగు పూర్తి చేసి మిషన్ బళ్లో పంతులుగా చేరి ఆరు నెలలైంది. అంటే లోకంలో నాకు తెలియంది లేదన్నమాట. మా బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే పలకలు, పటాలు, రిజిస్టర్లు, ఆఖరికి బడి గంట కూడా విప్పి బల్లల మీద వరసగా పరిచేవాళ్లం. ఆయన ఇటు నుంచి అటు ఒకసారి నడిచి, ‘భేష్’ అని సంతకం పెట్టి వెళ్లేవాడు. అధికారి మెచ్చాలంటే అన్నీ కళ్ల ముందు పరచాలి. నా చదువంతా కలిపి నేను నేర్చుకున్న నీతి అదే.

ఇళ్లకు విలువ కట్టే ఓవర్సీరు వచ్చే ముందురోజు కరణం గారు ఒక మాట చెప్పారు. ఆయనకున్నది ఒక్క పూటే, ఆ పూటకు తేలని ఇళ్ల సంగతి మళ్లీ వానలు వెళ్లాకే అని. మాది వరసలో ఆఖరి ఇల్లు. మర్నాడు పొద్దున్నే అమ్మ ఇంటికి మంచి ధర పలకాలని ప్రార్థన చేసుకోవటానికి చర్చికి వెళ్లింది. ఆమె మలుపు తిరగ్గానే పక్కింటి వడ్రంగి యాకోబు మామను పిలిచాను.

“మామా, గునపం తీసుకురా. తలుపులూ ద్వారబంధాలూ ఊడబీకుదాం.”

“ఏందిరా, ఇల్లు అప్పుడే ఖాళీ చేస్తన్నారా?”

“కాదు మామా. ఓవర్సీరు కొలుచుకోటానికి వీలుగా వాకిట్లో పెడదాం. కలప సగం గోడలోనే ఉందాయె. అదెంత మందమో ఆయనకెట్టా తెలుసుద్ది?”

“ఊడబీకితే గోడ నిలబడుద్దంటావా?”

“మామా, నేను ట్రైనింగు చదివినోణ్ణి.”

ఆ మాటతో పాపం ఆయన గునపం తెచ్చాడు. గోడ మాత్రం నా చదువును లెక్కచేయలేదు. వీధి గుమ్మం ఊడి రాగానే పైనున్న రాళ్లు ఒక్కొక్కటే జారి, ముందు గోడ సగం కూలబడింది. నేను బెదరలేదు. ఆ రాళ్లను కూడా ముచ్చటగా కుప్ప పెట్టాను. కలప మొత్తాన్ని వాకిట్లో వరసగా పరిచి, తుడిచి, సుద్దముక్కతో అంకెలు వేశాను. కొలతలన్నీ కాయితం మీద రాసి, ఆ కాయితం పట్టుకొని పెళ్లికొడుకులా నిలబడ్డాను.

ఓవర్సీరు గారు కరణం గారితో కలిసి వచ్చారు. కలపను దాటుకొని నేరుగా ఇంట్లోకి నడిచారు.

“అయ్యా, కలప ఇక్కడుందండీ!” అన్నాను కాయితం చాస్తూ.

“దాంతో నాకేం పనయ్యా? గోడకు బిగించి ఉన్నదే ఇల్లు. విడిగా ఉన్నది సామాను. మీ కుండలూ మంచాలూ తీసుకెళ్లినట్టే అదీ తీసుకెళ్లండి.”

“పొద్దున్నదాకా బిగించే ఉందండీ! తమకు శ్రమ ఎందుకని నేనే...”

“నేను చూసినప్పుడు ఎలా ఉంటే అలా రాస్తాను.” రాస్తూ పైకి చదివారు. “తలుపులు లేవు. కిటికీలు లేవు. ముందు గోడ కూలింది. పశువుల కొట్టం కింద లెక్క.”

“గంటలో బిగిస్తామండీ!”

“గంటలో నేను గురజాలలో ఉండాలి.” పుస్తకం మూసి నా భుజం తట్టారు. “ఈ ఊళ్లో ఇంత త్వరగా తేలిన ఇల్లు మీదొక్కటేనయ్యా.”

ఆయన అటు వెళ్లగానే అమ్మ వచ్చింది. గుమ్మం ఉండాల్సిన చోట నిలబడి ఆ గోడ కంతలోంచి లోపలికి చూసింది.

“ఒరేయ్ దానియేలూ, అయ్యి మీ నాయన బిగిచ్చినాయిరా.”

రాళ్ల కుప్ప మీద కూర్చుండిపోయింది. చెంప పగలగొట్టినా బాగుండేదనిపించింది. నాకు ఏడుపొచ్చింది.

పశువుల కొట్టానికి వచ్చిన పరిహారం నాలుగు గుంజలకూ తాటాకులకూ సరిపోయింది. మా గోడల రాళ్లు కంకరగా మారి రోడ్డులోకే పోయాయి. కలపలో ఒక్క తలుపు తప్ప మిగతాదంతా పాత బాకీల కింద పోయింది. యాకోబు మామ తన తప్పు కూడా ఉందని బాధపడి, కూలి తీసుకోకుండా ఆ తాటాకు గుడిసెకు ఆ టేకు తలుపు బిగించాడు. మాచర్ల బండ్లవాళ్లు ఆగి చూసి వెళ్లేవాళ్లు. అమ్మ రోజూ దానికి తాళం వేసి పొలం వెళ్లేది. పక్కన తాటాకు దడి తోసుకొని మేకలు లోపలికి వెళ్లేవి.

“తాళమెందుకమ్మా?” అన్నాను ఒకసారి.

“తలుపున్నాక తాళమెయ్యాలి గదరా” అంది.

రెండో వానాకాలంలో ఒక సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. చూస్తే ఓవర్సీరు గారు. రోడ్డు పని మీద వచ్చి వానకు చిక్కుకున్నారు. నన్ను గుర్తుపట్టలేదు. ఆయనెవరో నేను అమ్మ చెవిలో చెప్పాను. తలుపు మీద చెయ్యి వేసి నిమిరారు.

“అబ్బ, ఏం టేకమ్మా! ఈ రోజుల్లో ఇలాంటిది ఎక్కడ దొరుకుతుంది? ఎంత విలువ చేస్తుందో!”

అమ్మ ఆయనకు కారని చోటు చూసి పీట వేసింది.

“ఇయ్యాల బిగిచ్చే ఉంది బాబూ. రాసుకోండి” అంది.

ఆయన నా ముఖం చూశారు, పైకప్పు చూశారు. తలుపు మీంచి చెయ్యి తీసేశారు.

అమ్మ ఆ గుడిసెలోనే పోయింది. తలుపు నాతోపాటు ఇప్పుడున్న ఇంటికి వచ్చింది. అందుకని దేవుడి ఎదుటా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. విలువ కట్టడానికి ఎవరొచ్చినా కుర్చీ వేస్తాను, మంచినీళ్లిస్తాను, చేతులు కట్టుకొని నిలబడతాను. తలుపు బందులు కిర్రుమని మొత్తుకుంటున్నా, ఆ పూటకు నూనె చుక్క కూడా వెయ్యను.